క్లచ్ లేని బండి

బండి కంప్యూటర్‌కు ఒక వైరు తగిలించి, తెర మీద వచ్చిన నంబరు చదివి, ఆ నంబరు చెప్పిన భాగాన్ని పీకి కొత్తది బిగించే తమ్ముళ్ల కోసం ఇది రాస్తున్నాను. మీ పనిని తక్కువ చేయడానికి కాదు. నేనూ నంబర్లు చదివినవాణ్నే. ఆ విద్యలో మా బంగారు గనుల ఊరు కేజీఎఫ్ మొత్తంలో నన్ను మించినవాడు లేడని గట్టిగా నమ్మినవాణ్నే. నిజం చెప్పాలంటే ఆ నమ్మకం ఇప్పటికీ పోలేదు. కాకపోతే ఒక పాత పికప్ బండి దానికి చిన్న సొట్ట పెట్టి పోయింది.

బంగారు గనిలో ఇరవై రెండేళ్లు ఎలక్ట్రీషియన్‌గా పనిచేశాను. వైండింగ్ ఇంజను నా చేతిలో ఉండేది. కార్మికులను పంజరంలో నిలబెట్టి భూమిలోకి దింపే, మళ్లీ పైకి లాగే యంత్రం అది. గనులు మూతపడ్డాక మావాళ్లు చాలామంది పొద్దున రైలెక్కి బెంగళూరు పోయి, రాత్రికి తిరిగొచ్చే బతుకులో పడ్డారు. నాకు ఆ తోపులాట సరిపడదు. నాతో పాటు గనిలో పనిచేసిన ఒక ఫిట్టరూ నేనూ కలిసి ఆండర్సన్‌పేటలో రేకుల షెడ్డు వేసుకున్నాం. ఇనుము అతనిది, వైర్లు నావి. ఇద్దరమూ ఒకే బెంచీ మీద కూర్చుని ఒకే గ్లాసుల్లో టీ తాగేవాళ్లం. పని దగ్గర మాత్రం పాము, ముంగిసే.

దానికి కారణం ఉంది. గనిలో ఏ యంత్రం ఆగినా బ్రేక్‌డౌన్ రిజిస్టరులో ఒక మాట రాయాలి. ఎలక్ట్రికల్ అని గానీ, మెకానికల్ అని గానీ. ఏది రాస్తే ఆ డిపార్టుమెంటు మర్నాడు మేనేజరు ముందు తల దించుకుని నిలబడాలి. అందుకని యంత్రం ఆగిందనగానే మా మొదటి పని దాన్ని నడిపించడం కాదు, తప్పు మాది కాదని నిరూపించడం. ఇరవై రెండేళ్లు అలా నిరూపించి నిరూపించి అందులో నాకు మంచి పట్టు వచ్చేసింది. గని పోయింది, రిజిస్టరు పోయింది, మేనేజరు పోయాడు. ఆ అలవాటు మాత్రం నాతో పాటు షెడ్డుకు వచ్చి బెంచీ మీద కూర్చుంది.

గనులు మూతపడిన ఆరేడేళ్లకు ఆ పికప్ మా షెడ్డుకు వచ్చింది. అది కన్యాస్త్రీలు నడిపే ఒక చిన్న ఆసుపత్రిది. ఎవరో విదేశీ దాత వాడి వాడి ఇచ్చిన బండి. గేరు తనంతట తానే మార్చుకుంటుంది. ఎడమ కాలికి పనే లేదు, అసలు క్లచ్ పెడలే లేదు. మా చుట్టుపక్కల అలాంటి బండి ఇంకొకటి నేను చూడలేదు. వెనక రేకుల గూడు కట్టి, మందుల పెట్టెలు పెట్టి, వారానికి రెండుసార్లు ఒక సిస్టరును ఎక్కించుకుని బైరకూరు చుట్టుపక్కల ఊళ్లకు పోయేది.

దాని డ్రైవరు నాకు గని రోజుల నుంచీ తెలుసు. నాకంటే పదేళ్లు చిన్న. లోపల బండ విరిగి పడి ఎడమ కాలు మోకాలి కింద నలిగిపోయింది. కాలు ఉంది గానీ అందులో బలం లేదు. నడిచేటప్పుడు తుంటి ఊపి దాన్ని ముందుకు విసిరేవాడు. గని ఇచ్చిన ఇనుప ముక్కు బూట్లే ఇంకా వేసుకునేవాడు. ఆ బూటు బరువుకే కాలు నేల మీద నిలుస్తుందని చెప్పేవాడు. మూడేళ్లుగా ఆ బండి తోలుతూ ఇల్లు నడుపుతున్నాడు.

బండికి వచ్చిన రోగం ఇది. దారిలో ఉన్నట్టుండి పై గేరులో ఇరుక్కుపోతుంది. దిన్నె ఎక్కేటప్పుడు కింది గేరుకు దిగదు. ఇంజను మూలుగుతుంది, బండి ఆగిపోయేలా అవుతుంది. కాసేపటికి ఏమీ ఎరగనట్టు మళ్లీ మామూలుగా నడుస్తుంది. ఒకసారి దిన్నె మీద వెనక్కి జారి మందుల సీసాలు సగం పగిలాయట. డ్రైవరు ఇంకో మాట కూడా చెప్పాడు, కుడి వైపు మలుపుల్లోనే ఎక్కువ వస్తోందని. గేర్‌బాక్సుకు కుడీ ఎడమా ఏం తెలుస్తుందప్పా, నువ్వు తోలడం చూసుకో, మిగతాది నేను చూసుకుంటాను అన్నాను. ఆ మాట అన్నప్పుడు నేను నవ్వాను కూడా.

ఇలాంటి బండిలో గేరు మార్చాలా వద్దా అని నిర్ణయించేది ఒక చిన్న కంప్యూటర్. బండి ఎంత వేగంగా పోతోంది, డ్రైవరు ఎంత గట్టిగా తొక్కుతున్నాడు అని సెన్సర్లు దానికి చెబుతాయి. అది గేర్‌బాక్సులో ఉన్న చిన్న చిన్న కరెంటు వాల్వులకు ఆజ్ఞ ఇస్తుంది, వాల్వులు నూనె దారి తెరిచి గేరు మారుస్తాయి. ఏదైనా తప్పు జరిగితే డాష్‌బోర్డు మీద ఒక దీపం మిణుకుతుంది. ఎన్నిసార్లు మిణికిందో లెక్కపెడితే తప్పు ఎక్కడో తెలుస్తుంది. నేను లెక్కపెట్టడానికి కూర్చున్నాను. దీపం ఒక్కసారి కూడా మిణకలేదు.

వారం రోజులు ఆ బండిని నేనే తోలాను. చల్లగా ఉన్నప్పుడు తోలాను, కాలిపోయే ఎండలో తోలాను. వెనక ఇసుక మూటలు వేసి గని తోడిపోసిన సైనైడ్ మట్టి దిబ్బల పక్క ఎక్కుడు మీద ఎక్కించాను. ఒక్కసారంటే ఒక్కసారి ఇరుక్కోలేదు. ప్రతి సెన్సరునూ, ప్రతి వైరునూ మీటరు పెట్టి కొలిచాను. అన్నీ బాగున్నాయి. నా మనసులో రిజిస్టరు తెరుచుకుంది. ఎలక్ట్రికల్ కాదు, కాబట్టి మెకానికల్.

మా ఫిట్టరు ఒప్పుకోలేదు. గేర్‌బాక్సు నూనె తీసి అరచేతిలో వేసుకుని నా ముక్కు కింద పెట్టాడు. ఎర్రగా ఉంది, మాడిన వాసన లేదు. అడుగు పళ్లెంలో ఇనుప పొడి లేదు. లోపల చెడిపోయి ఉంటే నువ్వు తోలినప్పుడు కూడా చెడాలి కదా అన్నాడు. దూర ప్రయాణంలో బాగా వేడెక్కితే లోపలి వాల్వులు పట్టేస్తాయని నేను దబాయించాను. అతను చేతిలోని నూనె ప్యాంటుకు తుడుచుకుని, వైరింగువాడు ఏనాడైనా తప్పు ఒప్పుకున్నాడా అని గొణుక్కుంటూ టీకి పోయాడు.

నేను పోయి ఆసుపత్రి నడిపే మదర్‌కు చెప్పాను, గేర్‌బాక్సు లోపల పోయిందని. ఆమెకు నా మాట మీద గురి. అంతకు ముందు వాళ్ల జనరేటరును కాసేపట్లో బాగుచేసి మంచి పేరు కొట్టేశాను. ఆమె బెంగళూరులో విచారించింది. అలాంటి గేర్‌బాక్సు దొరకదన్నారు. దాన్ని తీసేసి, క్లచ్ ఉన్న మామూలు గేర్‌బాక్సు బిగిస్తే బండి ఇంకో పదేళ్లు నడుస్తుందన్నారు. సోమవారం వచ్చి బండిని తీసుకుపోయేలా ఏర్పాటు జరిగింది. నేను చేతులు కడుక్కుని వేరే పనిలో పడ్డాను.

గురువారం మధ్యాహ్నం డ్రైవరు షెడ్డుకు వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు. ఎడమ కాలును చేత్తో పట్టి ముందుకు జరిపి, దాని వైపే చూస్తూ అడిగాడు.

"క్లచ్ పెడితే నేను దేంతో తొక్కేదన్నా?"

తమ్ముళ్లూ, ఆ క్షణం దాకా ఆ సంగతి నాకు తట్టనే లేదు. ఆ కాలును వందసార్లు చూశాను. దాన్ని మోసుకుంటూ నా షెడ్డులోకే వచ్చి వెళ్లేవాడు. బండిని చూశాను, వైర్లను చూశాను, నా డిపార్టుమెంటు పరువు చూసుకున్నాను. నేను చెప్పిన ఒక్క మాటతో ఈ మనిషి ఉద్యోగం సోమవారం బెంగళూరు పోయి ఇంక తిరిగి రాదని చూసుకోలేదు. నాకు చాలా సిగ్గేసింది. ఏదో చెప్పబోయాను. అతను చెప్పనివ్వలేదు.

"వారం దినాలు నువ్వే తోలినావు. నేను తోలేటప్పుడు ఒక్కసారన్నా చూసినావా? నేనేమన్నా అబద్ధం చెప్తా ఉండానా?"

ఫిట్టరు బెంచీ మీద కూర్చుని అంతా వింటున్నాడు. రేపు నీతో బైరకూరు వస్తానప్పా అని మాత్రం అన్నాను.

శుక్రవారం పొద్దున బయల్దేరాం. సిస్టరు వెనక మందుల పెట్టెల దగ్గర కూర్చుంది, నేను ముందు సీట్లో మీటరు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. బేతమంగళం దాటాం, ముళబాగిలు దాటాం. బండి పూల పల్లకీలా పోతోంది. బైరకూరు దారిలో ఒక దిన్నె ఉంది, ఎక్కుతూ ఎక్కుతూ కుడికి తిరుగుతుంది. అక్కడ ఇంజను మూలిగింది. గేరు దిగలేదు. బండి వణికి వణికి ఎలాగో పైకి చేరింది. చూసినావా అన్నాడు డ్రైవరు. చూశానన్నాను. నిజానికి నేను చూసింది మీటరు ముల్లును. సెన్సర్ల లెక్కలన్నీ ఎప్పటిలాగే సరిగ్గా ఉన్నాయి.

ఊళ్లో సిస్టరు బీపీలు చూసి సూదులు వేస్తున్నంత సేపూ బడి వరండాలో కూర్చుని ఆలోచించాను. గనిలో ఇలా ఎందుకు చేసేవాణ్ని కాదు? వైండింగ్ ఇంజను డ్రైవరు కుర్చీలో అతను తప్ప ఇంకొకరు కూర్చోకూడదు. మేనేజరైనా సరే. అతని చేతిలో అరవై ప్రాణాలు ఉంటాయి. యంత్రం సరిగా లేదని అతను చెబితే ఎలక్ట్రీషియన్ అతని కుర్చీ వెనక నిలబడాలి. పంజరం కిందికి పోయి పైకి వచ్చేదాకా అతని చేతులూ కాళ్లూ చూస్తూ నోరు మూసుకుని ఉండాలి. ఆ తర్వాతే మీటరు బయటికి తీయాలి. మా పాత ఫోర్‌మన్ నాకు నేర్పిన మొదటి పని అదే. షెడ్డు పెట్టాక ఎవరో బండి వదిలిపెట్టి పోతారు, తాళం నా చేతికి వస్తుంది, నేను డ్రైవరు సీట్లో కూర్చుంటాను. రోజూ కూర్చుని కూర్చుని ఆ కుర్చీ నాదే అనుకున్నాను.

తిరుగు ప్రయాణంలో దిన్నె దిగాక బండి ఆపమన్నాను. మళ్లీ తిప్పి పైకి ఎక్కమన్నాను. వెనక నుంచి సిస్టరు, పెట్రోలు నీళ్లలా పోస్తున్నారే అని నస పెట్టింది. నేను మీటరు సంచిలో పెట్టేసి, చేతులు కట్టుకుని, డ్రైవరు వైపు తిరిగి కూర్చున్నాను.

మలుపు మొదలైంది. బండి కుడికి తిరిగేసరికి అతని ఒళ్లు ఎడమకు జారింది. జారకుండా ఆపుకోవడానికి మామూలు మనిషైతే ఎడమ కాలు నేలకు తన్ని పెడతాడు. ఇతని కాలికి ఆ బలం లేదు. ఎడమ చేయి ఒక్క క్షణం స్టీరింగు వదిలి, మోకాలి కింద పట్టి, బూటును తీసి మధ్యలో గేర్‌బాక్సు మీద ఉబ్బెత్తుగా ఉండే గోడకు ఆనించింది. తర్వాత ఒళ్లు బరువంతా దాని మీద వేశాడు. అక్కడున్న ప్లాస్టిక్ మూత లోపలికి సొట్ట పడింది. ఇంజను మూలిగింది.

బండి ఆపించాను. ఈసారి కాలు అక్కడ పెట్టకుండా ఎక్కమన్నాను. ఎక్కడ పెట్టకుండా అని అడిగాడు. తాను ఆ పని చేస్తున్నట్టు అతనికే తెలియదు. చూపించాను. రెండు చేతులతో స్టీరింగు గట్టిగా పట్టుకుని, సీటులో జారుతూనే ఎక్కాడు. బండి తానే కింది గేరుకు దిగి దిన్నె మీదికి దర్జాగా పోయింది. పైన చదును రోడ్డు మీద, ఇప్పుడు బూటుతో తన్ను అన్నాను. తన్నాడు. గేరు ఇరుక్కుంది. తీశాడు, వదిలింది. నేను అడక్కుండానే ఇంకో రెండుసార్లు తన్ని తీశాడు. తర్వాత బండిని పక్కకు తీసి ఆపాడు.

మూత విప్పితే కంప్యూటర్ అక్కడే ఉంది. దాని ఎర్త్ వైరు ఆ గోడకే ఒక బోల్టుతో బిగించి ఉంది. వైరు చివర బోల్టుకు తగిలించే రింగు, లగ్గు అంటాం, దాని మెడ దగ్గర లోపలి తీగలన్నీ తెగి పచ్చగా తుప్పు పట్టాయి, పైతొడుగు ఒక్కటే పట్టుకుని ఉంది. మూత నొక్కితే తెగిన తీగలు విడిపోతాయి, వదిలితే కలుసుకుంటాయి. ఎర్త్ పోతే కంప్యూటర్ నోరు పడిపోతుంది. ఆజ్ఞ రాకపోయేసరికి గేర్‌బాక్సు పై గేరులో నిలబడుతుంది. దీపం ఎందుకు మిణకలేదో కూడా అర్థమైంది. ఎర్త్ పోయిన క్షణంలో కంప్యూటర్‌కు తన జ్ఞాపకం కూడా పోతుంది, ఇక తప్పు ఎక్కడ రాసుకుంటుంది? ఆ వైరును నేను వారం ముందు కొలిచాను. బండి కదలకుండా నిలబడి ఉండగా, ఎవరూ దాన్ని తన్నకుండా ఉండగా కొలిచాను. బాగుందని రాసుకున్నాను.

డ్రైవరు ఆ వైరునూ తన బూటునూ మార్చి మార్చి చూశాడు. మొహం వాడిపోయింది.

"అయితే తప్పు నా కాలిదేనా అన్నా?"

"కాదప్పా. వైరుది. వైరు చూడనోడు నేను."

అక్కడే పాత లగ్గు కోసి కొత్తది వేసి బిగించాను. సాయంత్రం షెడ్డులో ఎర్త్ వైరును కాలికి అందని ఇంకో బోల్టుకు మార్చాను. ఫిట్టరు మూడు మిల్లీమీటర్ల ఇనుప ప్లేటు కోసి, అంచులు అరగదీసి, ఆ గోడ మీద బూటు ఆనే చోట బిగించాడు. పని అయ్యాక సుద్దముక్క తీసుకుని షెడ్డు గోడ మీద పెద్ద అక్షరాలతో ఎలక్ట్రికల్ అని రాశాడు. దాన్ని నేను చాలా రోజులు చెరపలేదు. చెరిపినా మళ్లీ రాసేవాడే.

ఇక మదర్ దగ్గరికి పోవాలి. వైరు తెగిందని చెబుదాం, కాలి సంగతి ఎందుకు అన్నాను డ్రైవరుతో. అది అతని మీద దయ అనుకున్నాను. కాలు అడ్డం పడుతుందని తెలిస్తే ఆమె ఇంకో డ్రైవరును వెతుక్కుంటుందేమోనని నా భయం. అతను తల అడ్డంగా ఊపాడు.

"అంతా చెప్పన్నా. రేపు ఇంగొకరు చెప్తే నేను దాచినట్టు అయితాది. కాలు ఉండేది ఎవురికి తెల్దు?"

శనివారం ఇద్దరమూ ఆమె ముందు నిలబడ్డాం. నేను మొదటి నుంచీ చివరిదాకా చెప్పాను. కాలు, మూత, వైరు, ప్లేటు, ఏదీ దాచలేదు. ఆమె అంతా విని, కుడి మలుపుల సంగతి నువ్వు ముందే ఇతనికి చెప్పావా అని డ్రైవరును అడిగింది. చెప్పినాను మదర్ అన్నాడు. నువ్వేమన్నావు అని నన్ను అడిగింది. నేనన్న మాట ఉన్నదున్నట్టు చెప్పాను. నవ్విన సంగతి కూడా చెప్పాను. యాభై దాటిన మనిషిని, బడిలో బెంచీ ఎక్కి నిలబడ్డ పిల్లాడిలా అయిపోయాను. ఆమె ఫోను తీసి బెంగళూరుకు చేసి సోమవారం రావద్దని చెప్పింది. బల్ల సొరుగులోంచి తాళం తీసి డ్రైవరు చేతిలో పెట్టింది. తర్వాత నా వైపు తిరిగి, ఇకమీద ఈ బండి మీ షెడ్డుకు వస్తే డ్రైవరుతోనే వస్తుంది, ఒంటరిగా రాదు అంది.

నేను ఆ మాటను ఒక్క ఆ బండికే కాదు, షెడ్డు మూసేదాకా ప్రతి బండికీ పెట్టుకున్నాను. తాళం ఇచ్చి పోతామన్నవాళ్లను కూర్చోబెట్టి, మీరే తోలండి, నేను పక్కన కూర్చుంటాను అనేవాణ్ని. చాదస్తం అనుకున్నవాళ్లు అనుకున్నారు. నా గిరాకీ ఏమీ తగ్గలేదు.

మంగళవారం బైరకూరు ప్రయాణానికి నేనూ ఎక్కాను. పని సరిగ్గా ఉందని నాకు తెలుసు, అయినా చూడకుండా ఉండలేకపోయాను. దిన్నె వచ్చింది. మలుపు దగ్గర అలవాటుగా డ్రైవరు చేయి మోకాలి కిందికి పోయింది. కాలు సగం ఎత్తి ఆగిపోయాడు. ఎత్తిన కాలు గాల్లో పట్టుకుని, జారుతున్న ఒంటిని ఆపుకుంటూ, నా మొహం వైపు చూశాడు.

"పెట్టప్పా," అన్నాను. "గట్టిగా పెట్టు."

పెట్టాడు. ఒళ్లు బరువంతా వేసి ఆనాడు. ఇనుప ప్లేటు కదల్లేదు. గేరు దిగింది, ఇంజను గొంతు సవరించుకుంది, బండి మలుపు తిరిగి పైకి ఎక్కింది. పై గేరుకు మారేటప్పుడు చిన్న కుదుపు కూడా లేదు. నేను ఇంకా అతని బూటు వైపే చూస్తున్నాను. రెండు మైళ్లు పోయాక కూడా అటే చూస్తున్నాను.

"నా కాలు చూసింది చాలన్నా," అన్నాడు. "ఇంగ రోడ్డు చూడు."